విశాఖ పోర్టులో ఓడ రాకపోకలు: లిస్టులో టైమ్ ఎలా తయారవుతుంది, ఎందుకు జారుతుంది

షిప్పింగ్ ఏజెన్సీలో బోర్డింగ్ పని చేసేవాళ్లకి రోజు మొదలయ్యేది పోర్టు రోజువారీ వెసల్ పొజిషన్ లిస్టుతోనే. బెర్తుల (ఓడని కట్టే రేవు గట్టులు) మీద ఉన్న ఓడలు, యాంకరేజీలో లంగరు వేసుకుని ఎదురుచూస్తున్నవి, రాబోయేవి, అన్నీ అందులో ఉంటాయి. ఒక్కో ఓడకి పేరు, పొడవు, డ్రాఫ్టు (ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో), సరుకు, టన్నులు, ఏజెంటు, స్టీవ్‌డోరు (సరుకు ఎక్కించి దించే కంపెనీ). లారీలు పెట్టుకున్నవాళ్లు, కస్టమ్స్ హౌస్ ఏజెంట్లు, రైల్వే రేకుకి (ఒక పూర్తి గూడ్సు రైలుకి) ఇండెంటు పెట్టినవాళ్లు మాత్రం వెతికేది ఒక్కటే గడి: టైమ్. ఆ అంకె చూసి లారీలు పిలిపించేసి, కాన్వెంట్ జంక్షన్ దగ్గర లైన్లో నిలబెట్టి, చివరికి హాల్టింగ్ డబ్బులు కట్టుకున్నవాళ్లు చాలామంది తెలుసు. ఆ అంకె వెనక ఏముంటుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. ఈ పనిలో చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు ఒక విషయం. "ఓడ వచ్చేసింది" అని ఫోన్‌లో ఎవరైనా చెబితే ఏ రాక అని అడగాలి. సముద్ర ప్రయాణం ముగించి పోర్టు దగ్గరికి చేరిన టైమ్ ఒకటి. లంగరు వేసిన టైమ్ ఇంకొకటి. తర్వాత పైలట్ (ఓడని హార్బర్‌లోకి నడిపించే పోర్టు మనిషి) ఎక్కిన టైమ్, మొదటి తాడు ఒడ్డుకి చేరిన టైమ్, తాళ్లన్నీ బిగిసిన టైమ్, అంటే ఆల్ ఫాస్ట్. కెప్టెన్ నోటీస్ ఆఫ్ రెడీనెస్ (సరుకు పనికి ఓడ సిద్ధమన్న కాగితం) ఇచ్చేది చాలాసార్లు పోర్టు దగ్గరికి చేరగానే. లేటైమ్ (సరుకు పనికి ఒప్పుకున్న గడువు) ఎప్పటి నుంచి లెక్కకి వస్తుందనేది చార్టర్ పార్టీ, అంటే ఓడ అద్దె ఒప్పందం, చెబుతుంది. బెర్తు అద్దె లెక్క బెర్తు దగ్గర మొదలవుతుంది. సరుకు దిగేది ఆల్ ఫాస్ట్ అయ్యాక, గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్ల దారి) వేశాక, అధికారులు ఎక్కి దిగాక, మొదటి డ్రాఫ్ట్ సర్వే (మునక కొలిచి సరుకు బరువు లెక్కగట్టడం) అయ్యాక. లారీ యజమానికి కావలసింది ఆఖరిది. అతనికి చేరే వార్త మాత్రం మొదటిది. ఈ రెండింటి మధ్య కొన్ని గంటలుండవచ్చు, కొన్ని రోజులూ ఉండవచ్చు.

ఫోన్లలో ఓడల యాప్ చూసి లెక్కలు వేసేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మంచిదే. అయితే తాను ఎక్కడున్నదీ చెబుతూ ఓడ పంపే ఏఐఎస్ రేడియో సిగ్నల్‌లో గమ్యస్థానం, ఈటీఏ (చేరే అంచనా టైమ్) రెండూ ఓడ మీద ఆఫీసరు చేత్తో టైప్ చేసేవి. పాత పోర్టు పేరే మార్చకుండా వచ్చే ఓడలుంటాయి. పైగా మనకి దక్షిణాన పక్కనే గంగవరం పోర్టుంది. ఆ పోర్టుకొచ్చే ఓడలు కూడా మ్యాపులో విశాఖ బయటే గుంపుగా కనిపిస్తాయి. కోడ్ చూసుకోండి: విశాఖ ఐఎన్ వీటీజెడ్, గంగవరం ఐఎన్ జీజీవీ. లంగరు వేసిన ఓడ ఏ పోర్టుదో మ్యాపు బొమ్మని బట్టి తేల్చకూడదు, ఏజెంటునే అడగాలి.

కాగితాల పని ఓడ కనపడకముందే మొదలవుతుంది. పోర్ట్ కమ్యూనిటీ సిస్టమ్‌లో ఓడ వివరాలు పెట్టి నంబరు తెచ్చుకోవాలి. మిగతా దరఖాస్తులన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. కస్టమ్స్‌కి ఇంపోర్ట్ మానిఫెస్టు (ఓడలోని సరుకు జాబితా), పోర్టు ఆరోగ్య అధికారికి మారిటైమ్ డిక్లరేషన్ ఆఫ్ హెల్త్, ఇమిగ్రేషన్‌కి సిబ్బంది జాబితా, భద్రత కోసం ఓడ ఆగిన ఆఖరి పది పోర్టుల వివరం, బీమా సర్టిఫికెట్టు. లైట్‌హౌస్ రుసుము ఒకసారి కడితే 30 రోజుల వరకు ఇండియాలో ఇంకో పోర్టులో మళ్లీ కట్టక్కర్లేదు. కాబట్టి పారాదీప్‌లోనో చెన్నైలోనో కట్టి వస్తున్న ఓడ అయితే ఆ రసీదు ముందే తెప్పించుకోవాలి.

ఇక్కడ చెడేవి చిన్న విషయాలే. సిబ్బంది జాబితాలో పేరు ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటుంది. షిప్ శానిటేషన్ సర్టిఫికెట్టుకి గడువు 6 నెలలే, అది దారిలోనే దాటిపోయి ఉంటుంది. మానిఫెస్టులో బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ ఇచ్చే సరుకు రసీదు) బరువులు కలిపితే మొత్తంతో సరిపోవు, లేదా సరుకుదారు పేరు తప్పు పడుతుంది. దిద్దుబాటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ అది తేలేదాకా ఆ బిల్లు మీద సరుకు డెలివరీ కదలదు. నేను మాత్రం మానిఫెస్టు పంపేముందు ప్రతి బిల్లునీ లోడ్ పోర్టు నుంచి వచ్చిన కాపీతో పక్కపక్కన పెట్టి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూసేలా సరిచూడాలంటాను. అరగంట పని. అది మానేస్తే తర్వాత ఒక పూట పోతుంది.

బెర్తు ఎవరికి అనేది రోజూ జరిగే బెర్తింగ్ మీటింగ్‌లో తేలుతుంది. ముందొచ్చిన ఓడకి ముందు అనేది మూల సూత్రమే అయినా, దాని మీద చాలా షరతులుంటాయి. ఆ బెర్తు దగ్గర లోతు ఎంత, ఓడ పొడవు పడుతుందా, ఆ సరుకుకి అక్కడ యంత్రాలున్నాయా. కంటైనర్లు కంటైనర్ టెర్మినల్‌కే పోవాలి. క్రూడ్, ఎల్‌పీజీ వాటి బెర్తులకే. అతిపెద్ద క్రూడ్ ట్యాంకర్లయితే హార్బర్‌లోకే రాకుండా సముద్రంలో ఉన్న ఎస్‌పీఎం (ట్యాంకర్ కట్టుకునే తేలే బోయ) దగ్గరే పైపులకి కలుపుకుని దించేస్తాయి. బొగ్గు, ఖనిజం మోసే చాలా పెద్ద ఓడలు, అంటే కేప్‌సైజ్, ఔటర్ హార్బర్‌లోనే పడతాయి. లోపలి హార్బర్ ఎక్కువగా పనామాక్స్ (పాత పనామా కాలువలో పట్టే సైజు), అంతకంటే చిన్న ఓడలకి. స్టీల్ ప్లాంటుకి కోకింగ్ కోల్, దామన్‌జోడి నుంచి రైల్లో వచ్చే అల్యూమినా, బైలదిల్లా ఇనుప ఖనిజం, ఎరువులు, ఒక్కోదానికి ఒక్కో తరహా ఏర్పాటు.

ఓడ వరసలో ముందున్నా బెర్తు తప్పిపోయే కారణాలు మీటింగ్‌లో బయటపడతాయి: పోర్టు చార్జీలకి డిపాజిట్ పడలేదు, సరుకు పోయడానికి స్టాక్‌యార్డులో ప్లాటు ఖాళీ లేదు, బొగ్గు మోసే రేకులు దొరకలేదు. సరుకు పెట్టే చోటు లేకుండా ఓడని బెర్తుకి తెస్తే అది అక్కడే కూర్చుంటుంది, వెనకున్న ఓడలన్నీ ఆగుతాయి. అందుకే డ్రై బల్క్ (బొగ్గు, ఖనిజంలా రాశిగా పోసే సరుకు) ఓడలకి 2016లో కేంద్రం తెచ్చిన బెర్తింగ్ పాలసీలో రోజుకి ఎన్ని టన్నులు దించాలో లెక్కగట్టి, ఆ వేగం అందుకోకపోతే జరిమానా పెట్టారు. ఆ పద్ధతి సరైందేనని నా అభిప్రాయం. ఒక ఓడ బద్ధకానికి పది ఓడలు యాంకరేజీలో డబ్బు కాల్చుకోకూడదు.

ఇక అసలు ఇరుకు ఛానల్. డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక పక్క, వన్‌టౌన్ ఇంకో పక్క, మధ్యలోంచి లోపలి హార్బర్‌కి పోయే సన్నటి దారి. 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచి లోపలికి దారి ఇదొక్కటే. తవ్వి లోతు చేశారు, వెడల్పు చేశారు, అయినా రెండు పెద్ద ఓడలు ఎదురెదురుగా దాటుకునే చోటు కాదు. ఒకటి పూర్తిగా బయటికి వచ్చాకే ఇంకొకటి లోపలికి. కాబట్టి లోపలికి వెళ్లవలసిన మీ ఓడ టైమ్, బయటికి రావలసిన ఇంకొకరి ఓడ మీద ఆధారపడి ఉంటుంది. వాళ్ల డ్రాఫ్ట్ సర్వే గంట ఆలస్యమైతే ఆ గంట మీ లెక్కలోకి వచ్చిపడుతుంది. తూర్పు నౌకాదళం, హిందుస్థాన్ షిప్‌యార్డు కూడా ఈ నీళ్లనే వాడతాయి. నేవీ ఓడ కదిలేటప్పుడు ఛానల్ వాళ్లది, మిగతావాళ్లు ఆగాలి. ఎందుకు, ఎంతసేపు అని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. లారీవాళ్లకి చెప్పేటప్పుడు "పోర్టు కంట్రోల్ ఆపింది" అంటే చాలు.

డ్రాఫ్టు ఎక్కువున్న ఓడకి పోటు కావాలి. విశాఖలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పున్నమి దగ్గర పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. పోటు టైమ్ రోజుకి 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అంటే ఈరోజు పోటు తప్పిన లోతైన ఓడ సుమారు పన్నెండున్నర గంటలు ఆగాలి. ఆ తర్వాతి పోటు వేళకి పైలట్, టగ్గులు (ఓడని లాగి నెట్టే చిన్న పడవలు) ఇంకో ఓడ మీద ఉంటే ఇంకో పోటు. అష్టమి వైపు వెళ్తున్న రోజుల్లో అయితే ఇంకా కష్టం, ఎందుకంటే వచ్చే పోటు ఎత్తు ఈరోజంత ఉండదు. లిస్టులో టైమ్ పక్కన డ్రాఫ్టు కూడా చూడమనేది ఇందుకే. 9 మీటర్ల ఓడ టైమ్ జారితే గంటల్లో జారుతుంది. లోతైన ఓడ టైమ్ జారితే పూటల్లో జారుతుంది.

కాగితం మీద 14 మీటర్లు అని రాసిన డ్రాఫ్టు ఛానల్‌లో 14 మీటర్లే ఉండదు. ఇది లెక్క వేసి చూపిస్తాను. ఆ 14 మీటర్లు 1.025 సాంద్రత ఉన్న ఉప్పునీటిలో కొలిచింది. లోపలి హార్బర్‌లోకి మేఘాద్రిగెడ్డ నీళ్లు దిగుతాయి. వానాకాలంలో సాంద్రత తగ్గి, 1.015కి వచ్చిందనుకుందాం. పనామాక్స్ ఓడకి ఉప్పునీటి నుంచి మంచినీటికి తేడా సుమారు 30 సెంటీమీటర్లు, అందులో ఇరవై ఐదింట పది వంతులంటే (మంచినీటి 1.000 దాకా 25 మెట్లు, ఇక్కడ దిగింది 10) 12 సెంటీమీటర్లు ఎక్కువ మునుగుతుంది. తర్వాత స్క్వాట్: ఓడ కదులుతుంటే కింద నీరు వేగంగా జారి ఓడ కిందికి దిగుతుంది. ఇరుకు దారిలో వాడే మోటు లెక్క, బ్లాక్ కోఎఫిషెంట్‌ని (ఓడ మునిగిన భాగం ఎంతవరకు పెట్టెలా ఉందో చెప్పే అంకె) నాట్లలో వేగం వర్గంతో గుణించి, రెట్టింపు చేసి, వందతో భాగించడం; జవాబు మీటర్లలో వస్తుంది. బొగ్గు ఓడకి 0.85, వేగం 6 నాట్లు అనుకుంటే 61 సెంటీమీటర్లు. వేగం 4 నాట్లకి తగ్గిస్తే 27 సెంటీమీటర్లే. ఓడ ఒక్క డిగ్రీ పక్కకి ఒరిగినా 32 మీటర్ల వెడల్పుకి ఆ అంచు ఇంకో 28 సెంటీమీటర్లు దిగుతుంది. ఇవన్నీ పోగా అడుగున ఖాళీ మిగలాలి. మామూలుగా డ్రాఫ్టులో పదో వంతు ఉంచాలనే లెక్క ఇందుకే వచ్చింది. "ఇంకాస్త జోరుగా తీసుకొచ్చేయొచ్చు కదా" అని పైలట్ల గురించి మాట్లాడేవాళ్లు ఈ అంకెలు ఒకసారి వేసి చూడాలి.

పైలట్ ఎక్కేచోట ఆలస్యానికి పెద్ద కారణం నిచ్చెన. నీటి మట్టం నుంచి ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటితే ఒక్క తాళ్ల నిచ్చెన చాలదు, గ్యాంగ్‌వేతో కలిపి కట్టాలి. గ్యాంగ్‌వే వాలు 45 డిగ్రీలకి మించకూడదు, ఓడ వెనక వైపుకి దిగి ఉండాలి. తాళ్ల నిచ్చెనని ఓడ పక్కకి గట్టిగా బిగించాలి. ఖాళీగా వచ్చిన పెద్ద ఓడలకి ఇది తరచూ అవసరమవుతుంది, తప్పులు జరిగేదీ వీటిలోనే. మెట్టు విరిగిందనో, పక్క తాడు చివికిందనో, నిచ్చెనని సంకెళ్లతో కొక్కేలకి వేలాడదీశారనో పైలట్ ఎక్కకుండా వెనక్కి వచ్చేస్తాడు. అది ఆయన హక్కు, ఆయన ప్రాణం. దానివల్ల ఛానల్‌లో మీ వంతు పోతుంది, ఇంకో ఓడ లోపలికి వెళుతుంది. నిచ్చెన ఫొటో ముందురోజే కెప్టెన్ దగ్గర తెప్పించుకుని చూడటం ఏజెంటుకి ఎంతో మేలు. ఈదురుగాలి, పెద్ద అల ఉన్నప్పుడు ఓడ అడ్డంగా తిరిగి గాలిచాటు ఇవ్వాలి, ఆ చాటు వైపే నిచ్చెన ఉండాలి.

ఇంజిన్ కూడా ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుని ఉండాలి. పైలట్ ఎక్కాక ఇంజిన్ వెనక్కి తిరగలేదంటే ఛానల్ నోటి దగ్గర అంతకంటే ప్రమాదం లేదు. సిద్ధంగా లేని ఓడకి పిలిచిన పైలట్‌ని వెనక్కి పంపితే రద్దు చార్జీ వేరే పడుతుంది.

లోపల టగ్గులు ఓడని తిప్పి బెర్తుకి నెడతాయి. హీవింగ్ లైన్ (సన్నటి తాడు) విసురుతారు, ఒడ్డు మీది మూరింగ్ గ్యాంగు అందుకుని పెద్ద తాడు లాగి బొలార్డుకి (గట్టు మీది ఇనుప గుంజకి) వేస్తుంది. తాడు బిగుస్తున్నప్పుడు దాని వరసలో నిలబడకూడదు. తెగితే అది వెనక్కి కొట్టే దెబ్బకి మనిషి మిగలడు. ఓడ దగ్గరికి మొదటిసారి వచ్చే కుర్రాళ్లకి హెల్మెట్, బూట్లు వేసుకోమని చెప్పడం కంటే ముందు ఈ మాట చెప్పాలి.

ఆల్ ఫాస్ట్ అయ్యాక గ్యాంగ్‌వే, దాని కింద వల. ఆరోగ్య అనుమతి వచ్చేదాకా పసుపు జెండా దిగదు. ఆ తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్. సీలు వేసే స్టోర్సు లెక్క, సిబ్బంది సొంత వస్తువుల డిక్లరేషన్ ముందే సంతకాలతో ఉంటే పని తొందరగా తెములుతుంది. సిగరెట్ పెట్టెల లెక్క ఒకటి తప్పినా కాగితం మళ్లీ మొదటికి వస్తుంది.

బల్క్ సరుకుకి తూకం ఓడే. మొదట, చివర డ్రాఫ్ట్ సర్వే చేసి, తేడాలోంచి బ్యాలాస్టు (నిలకడ కోసం నింపిన నీరు), ఇంధనం, మంచినీరు తీసేస్తే సరుకు బరువు తేలుతుంది. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా, మొత్తం ఆరు చోట్ల అంకెలు చదవాలి. పనామాక్స్‌కి ఒక సెంటీమీటరు అంటే సుమారు 67 టన్నులు. ఔటర్ హార్బర్‌లో అల కొడుతుంటే నీటి గీత ఎగిరెగిరి పడుతుంది. సర్వేయరు సమయం తీసుకుంటే తొందరపెట్టకండి. నీటి సాంద్రత కూడా అంతే. 85,000 టన్నుల డిస్‌ప్లేస్‌మెంట్ (సరుకుతో సహా మొత్తం బరువు) ఉన్న ఓడకి హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే పరికరం) మూడో దశాంశంలో ఒకటి తప్పు చదివితే 80 టన్నులకి పైగా తేడా వస్తుంది. నీళ్లు పైపైన ముంచి తీయకుండా, వేర్వేరు లోతుల్లో, సముద్రం వైపు నుంచి తీయాలి. వానాకాలంలో పైపొర పలచగా ఉండి, కింద ఉప్పగా ఉంటుంది.

యూరియా, అల్యూమినా ఓడలకి చినుకు పడితే పని ఆగిపోవాలి, హాచ్‌లు (సరుకు గదుల మూతలు) మూసేయాలి. మూసిన టైమ్, తెరిచిన టైమ్ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో (ఓడ పనుల టైమ్ రికార్డులో) నిమిషాలతో రాయాలి. తర్వాత డెమరేజీ (గడువు దాటితే ఓడకి కట్టే పరిహారం) తగువు వచ్చేది ఆ నిమిషాల దగ్గరే. ఏప్రిల్, మే సాయంత్రాల గాలివానలకి గ్యాంగు ఒకసారి చెదిరితే వాన ఆగగానే పని మొదలవదు. ఆ మధ్య టైమ్‌ని కూడా వేరుగా రాసుకోవాలి.

పోక కూడా రాకంత పనే. సరుకు అయిపోయిందనగానే ఓడ కదలదు. చివరి సర్వేకి రెండు గంటలైనా పడుతుంది. హాచ్‌లు బిగించాలి, ట్రిమ్ (ముందు వెనకల మునక తేడా) సరిచేయాలి, స్టీరింగ్ గేర్ బయల్దేరడానికి ముందు 12 గంటల్లోపు పరీక్షించి ఉండాలి, షోర్ పాస్ మీద ఊళ్లోకి వెళ్లిన సిబ్బంది అందరూ తిరిగి రావాలి. పోర్టు బాకీ లేదన్న కాగితం, ఇమిగ్రేషన్, వాటి మీద కస్టమ్స్ పోర్ట్ క్లియరెన్సు. కస్టమ్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆ రాతపూర్వక అనుమతి లేకుండా ఓడ వదలడానికి వీల్లేదు. సెలవు రోజు ముందు సాయంత్రం పూర్తయ్యే ఓడకి ఈ కాగితాలు పొద్దున్నే మొదలుపెట్టాలి.

బయల్దేరడానికి సిద్ధం అని ఎప్పుడు సిగ్నల్ ఇస్తామన్నది డబ్బుతో ముడిపడింది. మేజర్ పోర్టుల రేట్ల నిబంధనల్లో, ఆ సిగ్నల్ ఇచ్చిన 4 గంటల తర్వాత బెర్తు అద్దె ఆగిపోతుంది. అయితే పోటు కోసం, వాతావరణం కోసం ఓడ ఎదురుచూసిన టైమ్‌ని ఆ 4 గంటల్లో కలపరు. తొందరపడి, ఇంజిన్ సిద్ధం కాకుండానే సిగ్నల్ ఇచ్చి దొరికితే ఒక రోజు అద్దె జరిమానాగా పడుతుంది. కాబట్టి సర్వే సంతకం, క్లియరెన్సు చేతిలోకి వచ్చాక, ఇంజిన్ రూమ్ నుంచి మాట తీసుకున్నాకే సిగ్నల్. ఆ టైమ్‌కి పోర్టు కంట్రోల్ నుంచి నమోదు కాగితం తెచ్చుకోవాలి. మాట మీద నడిపితే తర్వాత బిల్లులో వాదించడానికి ఆధారం ఉండదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ లెక్కలన్నిటి మీద తుపాను కూర్చుంటుంది. వాతావరణ శాఖ హెచ్చరికని బట్టి పోర్టులో 1 నుంచి 11 వరకు సిగ్నల్ నంబర్లు ఎగరేస్తారు. ఒకటి, రెండు దూరంగా ఉన్న తుపానుకి. మూడు స్థానిక హెచ్చరిక. అయిదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదం. నంబరు పెరిగే కొద్దీ బెర్తు మీదున్న ఓడలని సముద్రంలోకి పంపించేస్తారు. కొత్తవాళ్లకి ఇది విడ్డూరంగా తోస్తుంది. కానీ పెనుగాలిలో కట్టేసిన ఓడ తాళ్లు తెంచుకుని గోడని, క్రేన్లని, పక్క ఓడని కొడుతుంది. సముద్రంలో ఉంటే ఇంజిన్ మీద గాలికి ఎదురు నిలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదికే వచ్చింది, దాని గాలి ఏమిటో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

లంగరు మీద ఉండటం కూడా క్షేమం కాదు. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరుతో సహా కొట్టుకుపోయి తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి వచ్చి కూర్చుంది. లంగరు పట్టు దాని బరువులో కంటే అడుగున పడి ఉన్న గొలుసులో ఉంటుంది. గొలుసుని కొలిచే షాకిల్ ఒక్కోటి 27.5 మీటర్లు. మామూలు రోజుకి వదిలిన గొలుసు గాలి పెరిగాక చాలదు. గొలుసు బిగుసుకుని నిటారుగా లేస్తే లంగరు కొన బురదలోంచి ఊడుతుంది. ఒడ్డు దగ్గరైతే ఇంజిన్ అందుకునేలోపే ఓడ నేల తాకుతుంది. అందుకే గాలి సూచన రాగానే యాంకరేజీలో ఉన్న మా ఓడలకి ఇంజిన్ సిద్ధంగా పెట్టమని, వీలైతే లంగరు ఎత్తి లోతుకి పొమ్మని మెసేజ్ పెట్టి, అందిందన్న జవాబు వచ్చేదాకా వదలను. అలా వెళ్లిన ఓడలు తిరిగొచ్చాక బెర్తు వరస మళ్లీ మీటింగ్‌లో తేలాలి. సగం దించిన ఓడ ముందా, యాంకరేజీలో ఉన్నది ముందా అన్న వాదన ఉంటుంది. ఆ వారం లిస్టులో టైమ్ గడి చూసి లారీ పిలవకండి. ఓడ ఆల్ ఫాస్ట్ అయిందని ఏజెంటు నోటితో విన్నాకే పిలవండి.

పైలట్ దిగిన టైమ్‌తో మా వైపు నుంచి ఓడ వదిలినట్టు. ఆ వెంటనే వెళ్లవలసిన మెయిల్‌లో బయల్దేరిన డ్రాఫ్టు, మిగిలిన ఇంధనం, మంచినీరు, తర్వాతి పోర్టు ఈటీఏ ఉండాలి. ఎగుమతి సరుకు ఎక్కించుకుని ఉంటే ఎక్స్‌పోర్ట్ మానిఫెస్టు గడువులోపు కస్టమ్స్‌కి దాఖలు చేయాలి, లేకపోతే ఎగుమతిదారుకి రావలసిన ప్రోత్సాహకాలు ఆగిపోతాయి. ఓడ వెళ్లిపోయింది కదా అని ఈ ఒక్క పని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. నెల తర్వాత ఎగుమతిదారు ఫోన్ చేసేది దాని గురించే.